పసుపు పూసిన నెట్‌వర్కింగ్ కోర్సు

ముందే చెప్పేస్తున్నాను, గోరంతను కొండంత చేయకపోతే నాకు అన్నం సహించదు. మా ఆవిడ నేను చెప్పిన దాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని పక్కింటివాళ్లను అడిగి నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి.

ఆ రోజుల్లో కంప్యూటర్ చదివినవాడికి ఊళ్లో మర్యాద దొరికినంత సులువుగా ఉద్యోగం దొరికేది కాదు. నేను నాయుడుపేట దగ్గర ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ని. ఎంత తాత్కాలికమంటే, నేను లేచి నిలబడితే చాలు, నా కుర్చీని ఇంకో గదికి పట్టుకుపోయేవాళ్లు. అలాంటి నన్ను ప్రిన్సిపాల్ గారు పిలిచి, మూడు నెలలు చదివితే ఉద్యోగానికి పనికొచ్చేలా నెట్‌వర్కింగ్ కోర్సు పెడుతున్నామని, బాధ్యత నాదేనని చెప్పారు. "పిల్లకాయలు చేరితే నువ్వుంటావు. చేరకపోతే కోర్సూ ఉండదు, నువ్వూ ఉండవు" అని ఎంతో ఆప్యాయంగా భుజం తట్టారు. నేను ఉండకపోవడమంటే ఊరికి పోయి మా నాన్న వెనకాలే వరిమడిలో దిగడం. నాకేమో జలగలంటే ప్రాణం పోతుంది. (మా మడిలో జలగలు పొట్లకాయలంత ఉండేవి.)

ప్రారంభోత్సవానికి తడ వైపు ఒక ఫ్యాక్టరీ నుంచి ఆఫీసరు గారు వచ్చారు. ఆయన హాల్లో బటన్ నొక్కితే ల్యాబులోని కంప్యూటర్ నుంచి 'స్వాగతం' అనే అక్షరాలు తెర మీదికి రావాలి. పులికాట్ ఒడ్డు పల్లెల నుంచీ, లోపలి వరి పల్లెల నుంచీ వచ్చిన తల్లిదండ్రులు అది చూసి మురిసిపోయి, పిల్లల్ని చేర్పించాలి. అదీ పథకం. ఆయన నొక్కారు. రాలేదు. మళ్లీ నొక్కారు. తెర సున్నం కొట్టిన గోడలా మమ్మల్నే చూస్తోంది. "ఏంది నాయనా ఇది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, నవ్వు చెదరకుండా, పళ్ల మధ్య నుంచి.

ల్యాబుకు పరుగెత్తాను. వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టె మెడలో గూడూరు నిమ్మకాయల దండ! ఒక వైరు లాగితే, శనగపిండిలో ముంచిన మిరపకాయలా పసుపు ముద్దతో బయటికొచ్చింది. ఇంకోటి లాగాను, అదీ అంతే. పక్కనే మా ఆఫీసు సూపరింటెండెంటు, హారతి పళ్లెంతో. (జిరాక్స్ మిషనుకు కూడా టెంకాయ కొట్టినవాడు కాబట్టి ఆయన్ని మేం హారతి సారు అనేవాళ్లం.)

"వైర్లు పీకినారా సార్?"

"పీకి, మళ్లీ ఎక్కడియి అక్కడే పెట్టినా గదయ్యా. ఇన్ని బొక్కలుండాయే, ఒకదానికి పసుపు పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే బాగుంటదా?"

పసుపు ముద్ద అంటిన వైరు పట్టుకుని హాల్లోకి వచ్చాను. ఆఫీసరు గారు అప్పటికే వాచీ చూసుకుంటున్నారు. నేను తొణక్కుండా వైరు పైకెత్తి, "ఇదే మా మొదటి పాఠం. నెట్‌వర్క్ ఆగినప్పుడు కారణం ఎక్కడుందో పట్టుకోవడమే ఈ కోర్సు" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వెనక వరసలోంచి చేపల పల్లె అక్క ఒకామె లేచింది. "అయ్యా, ఇది ఇట్టా ఆగిపోతా ఉంటదా?"

ఆఫీసరు గారు నిట్టూర్చారు. "మా ఫ్యాక్టరీలో రోజూ ఇదే గోలమ్మా."

"ఆగినప్పుడల్లా ఎవురో ఒకరొచ్చి బాగుచెయ్యాల్నా?"

"చెయ్యాలమ్మా. జీతమిస్తామన్నా ఈ వైర్ల పని తెలిసిన మనిషి దొరకడంలేదు."

"మా ఊళ్లో పడవ ఇంజన్లు చెడిపోబట్టే గదా ఆ మెకానిక్కు మేడ కట్టినాడు! ఇది మొదలుపెట్టిన రోజే చెడిపోయిందంటే ఇంకేం కావాల? మావోడి పేరు రాసుకో సార్."

అంతే. కుర్చీలు పడిపోతున్నా పట్టించుకోకుండా జనం నా మీదికొచ్చారు. వెనక నుంచి ఒక రైతు, "మావోణ్ణి మాత్రం బాగా చెడిపోయేదాని మీద కూర్చోబెట్టు సార్" అని అరిచాడు. ప్రిన్సిపాల్ గారు హారతి సారును పక్కకు పిలిచి, వచ్చే బ్యాచ్‌కు కూడా పూజ ఆయనే చేయాలని మాట తీసుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది.

ఇక ఇందులో నేను కల్పించిందేదో చెప్పాలి కదా. నిమ్మకాయలు నిజం, పసుపు నిజం, అక్క మాటలు అక్షరాలా నిజం. ఆ 'మొదటి పాఠం' మాట ఒక్కటే కల్పన. ఆ రోజు నేను వైరు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాను, అంతే. ఆ మాట చాలా ఏళ్లకు, గూడూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే తట్టింది. అప్పటి నుంచీ ఈ కథ చెప్పిన ప్రతిసారీ, వైరు పట్టుకుని నిలబడ్డ ఆనాటి కుర్రాడికి దాన్ని అందిస్తూనే ఉన్నాను. పాపం, వాడికి నా గొంతు వినబడదు.