మైకు కోసం మింగిన మాత్ర

మొన్న ఎమ్మిగనూరులో నా పరువు పోయింది. అదీ మైకులో! ఇంకెవరో చెప్పి మీకు తెలిసేలోపు నేనే చెప్పేస్తే మేలు.

మహిళల సభ. విషయం హార్మోన్ మాత్రలు, మెదడు. పిలిచింది నా చిన్ననాటి స్నేహితురాలు డాక్టర్ నస్రీన్. "నేను చెప్తే ఎవరికీ గుర్తుండదు. నువ్వు తిడతావు, గుర్తుంటది" అంది. పొగడ్తే అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుకే నా నెలసరి. ఆ హాలు సంగతి నాకు తెలుసు. బాత్రూముకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర. పోయినసారి అందర్నీ దులిపేసి వచ్చాను. మళ్లీ ఆ అవస్థా? అసలు నెలసరే ఆ రోజుకు రాకుండా చేస్తే?

ఆదోనిలో మా వదిన ఫ్రిజ్ మీద ఓ మాత్రల అట్ట కనిపించింది. దసరాకు దేవరగట్టు గుడికి పోవాలని, నెలసరి వాయిదా వేసుకోడానికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంది. అప్పట్లో ఆమెను నిలబెట్టి కడిగేశాను. "దేవునికి పట్టని ముట్టు నీకెందుకు పట్టింది వదినా?" ఆ వాక్యం నాకే తెగ నచ్చి ఓ వ్యాసంలో కూడా వాడుకున్నాను. మిగిలిన మాత్రలు మాత్రం చప్పుడు లేకుండా నా హ్యాండ్‌బ్యాగులోకి చేరాయి. సభ దగ్గర పడగానే మింగడం మొదలుపెట్టాను.

"నువ్వు మాట్లాడేది ఎప్పుడూ ఇనలేదు సుధా, నేనూ వస్తా" అని వదిన బయల్దేరింది! బస్సులో ఆ బ్యాగును ఒళ్లోంచి పక్కకు, పక్కనుంచి ఒళ్లోకి మారుస్తూనే ఉన్నాను.

"బ్యాగులో బంగారముందా?" అంది వదిన.

స్టేజీ ఎక్కగానే గొంతు లేచింది. "అక్కల్లారా, ఈ హార్మోన్లు గర్భసంచి దగ్గరే కూర్చోవు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళాల దాకా పోతాయి. ఈ మాత్రలు అందరికీ ప్రమాదమని కాదు. కానీ తలనొప్పికి ముందు కళ్లముందు వంకర టింకర మెరుపులు ఎవరికి వస్తాయో, వాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టుకోకూడదు. కొన్ని మాత్రలతో పక్షవాతం భయం పెరుగుతుంది..."

అంతలో స్టేజీ మూల తళతళ మెరుపులు. చిర్రెత్తింది.

"ఆ సీరియల్ బల్బులు ఆర్పప్పా!"

మైకుసెట్టు ఆయన బిత్తరపోయినాడు. "యాడుండాయి మేడమ్ బల్బులు? మనం కట్టనే లేదు గదా!"

కళ్లు మూసుకున్నాను. బల్బులు ఆరలేదు.

నస్రీన్ ఒక్క ఉరుకున వచ్చింది. "ఇంతకుముందు వచ్చినాయా ఇట్లా?"

"ఎండలో తిరిగితే ఎప్పుడన్నా..."

"మాత్రలేమన్నా ఏసుకుంటాండావా?"

"లేదు" అన్నాను. వెంటనే నా మూతి ఒకపక్కకు పోయినట్టు, చెయ్యి తిమ్మిరెక్కినట్టు అనిపించింది. భయంతో నిజం బయటికొచ్చింది. "నెలసరి వాయిదా మాత్ర!" మైకు నా చేతిలోనే ఉంది. హాలంతా మోగింది.

"రెండు చేతులూ ఎత్తు. ఇప్పుడు నవ్వు" అంది నస్రీన్. ఎత్తాను, నవ్వాను. చూస్తే హాల్లో ఆడవాళ్లందరూ చేతులెత్తి నవ్వుతున్నారు! ఇదీ కార్యక్రమమే అనుకున్నారు పాపం.

"మూతీ చేతులూ సరిగానే ఉండాయి, పక్షవాతం కాదు. మైగ్రేన్‌లాగుంది. అయినా ఊరికే వదిలేది లేదు, బండి రాంగానే ఆస్పత్రికి పోదాం. ముందు ఆ మాత్ర ఇటియ్యి" అని అట్ట లాక్కుంది.

ముందు వరసలోంచి వదిన లేచింది. "అది మా ఫ్రిజ్ మీదిది గదా! నేను దేవుని కోసం ఏసుకుంటే అన్ని మాటలంటివే, నువ్వు మైకు కోసం ఏసుకుంటివా?"

చప్పట్లు! నాకెప్పుడూ పడనన్ని. పడ్డవి మా వదినకు.

ఆ తర్వాత నస్రీన్ చుట్టూ గుంపు. "ఆయమ్మకొచ్చిన మెరుపులు నాకూ వస్తాయి డాక్టరమ్మా" అని ఒక్కొక్కరే బయటపడుతున్నారు. ఉపన్యాసంతో కానిది నా తలనొప్పితో అయింది. నేను పక్కగదిలో కళ్లమీద తడిగుడ్డతో బెంచీ మీద పడున్నాను.

వాచ్‌మన్ తొంగిచూసినాడు. "మేడమ్, బాత్రూముకు పోతారా? తెరిచే ఉంది."

"తాళమేదయ్యా?"

"పోయినసారి మీరు తిట్టిపోతిరి గదా. ఆ పొద్దునుంచీ తాళమే ఎయ్యడం లేదు."

చూశారా! నా తిట్లు పనిచేస్తాయని ఊరంతా నమ్మింది, నేను తప్ప.