కల్లు దుకాణంలో మందపు గోడ

లెక్కలు నేను బడిలో నేర్చుకోలేదు, మేస్త్రీల వెనక తిరిగి నేర్చుకున్నాను. అందుకేనేమో, కొలిచిన ప్రతిదీ అర్థమైపోయిందనుకుంటాను. మెట్‌పల్లిలో గోడ కట్టాలన్నా కూల్చాలన్నా కొందరు ఇప్పటికీ నన్నే పిలుస్తారు.

మా వీధి చివర పాత కల్లు దుకాణం నడిపే అక్క కూడా అలాగే పిలిచింది. ఆ దుకాణం ఒకేసారి కట్టింది కాదు. మొదట పెంకుటిల్లు, తర్వాత ముందు రేకుల షెడ్డు, మొన్నమొన్న రోడ్డువైపు స్లాబు గది. పెంకుటింటిని రెండు చేస్తూ అడ్డంగా ఒక గోడ. వానొస్తే షెడ్డులో తడుస్తారు. ముందు సగంలో చోటు చాలదు. వెనక సగానికి పెరట్లోంచి చుట్టి పోవాలి. అంత ఓపిక లేక తాగేవాళ్లు వేరే దుకాణాలకు మళ్లుతున్నారు. ఈ వానాకాలమూ ఇట్లాగే గడిస్తే మూసుకోవాల్సిందేనని అక్క దిగులు.

“తమ్మీ, గీ గోడ తీస్తె కప్పు నిలుస్తదా? గంతే చెప్పు.”

గంతే చెప్పడం నా వల్ల కాదు. రోజంతా టేపు పట్టుకుని తిరిగాను. మిగతా గోడలు అడుగున్నర మందం, ఇది దాదాపు మూడడుగులు. ఇంకేముంది, అన్నిటికన్నా పాతది ఇదేనని, కప్పు బరువంతా దీనిమీదే ఉందని తేల్చేశాను. పాతకాలం దొరల గడీ గోడ ఏదో మిగిలితే దాన్ని పట్టుకుని ఇల్లు లేపారని చరిత్ర కూడా చెప్పాను. గోడ కూల్చడానికొచ్చిన మేస్త్రీ పలుగు పక్కన పెట్టాడు. తాగేవాళ్లు ఆ గోడమీద ఉమ్మడం మానేశారు.

అంతలో అక్క వాళ్ల అత్తగారు బోథ్‌లో ఉన్న కూతురి దగ్గర్నుంచి తిరిగొచ్చింది.

“గడీ అన్నోడు ఎవడే?”

“నేనే, అవ్వా.”

“నా పెండ్లయినంక పెట్టిన గోడ గిది! మా ఆయన, మా మరిది కొట్లాడి ఇల్లు పంచుకున్నరు. మా ఆయన గోడ పెట్టిండు. అన్న గోడ నాకెందుకని మరిది దాని పక్కపొంటి ఇంకోటి పెట్టిండు. మల్ల కలిసిండ్రు గని, గోడ తీసే సోయి ఎవ్వలకు లేకపాయె. జర మీదికి చూడు బిడ్డా.”

చూశాను. గోడ దూలానికి జానెడు కిందే ఆగిపోయింది. ఆ సందులోంచి పిల్లి దూరుతోంది. కప్పును మోస్తున్నవి టేకు గుంజలు. ఏళ్ల తరబడి నేను ఆనుకుని కల్లు తాగింది వాటిలో ఒకదానికే.

గోడ కూల్చేరోజు అవ్వ సరిగ్గా దూలం కింద కుర్చీ వేయించుకుంది. నేను మాత్రం మూడడుగుల గోడ ఊరికే ఉంటుందా అనుకుంటూ రోడ్డుకు అవతల నిలబడ్డాను.

“ఆడ ఏం కొలుస్తున్నవ్ బిడ్డా? లోపటికి రా!”

గోడంతా కూలినా ఒక్క పెంకు కూడా జారలేదు. సాయంత్రం వాన మొదలైంది. షెడ్డులోని వాళ్లంతా సీసాలు పట్టుకుని, మాటలు తెగకుండానే లోపలి కొసదాకా నడిచి కూర్చున్నారు. అక్క నన్నూ పిలిచింది. వెళ్లాను, తలుపు పక్కనే కూర్చున్నాను.