వాసన లేని మైనం

టీ పొడి వాసన చూసి రకం తేల్చడం ఆయన ఉద్యోగం. ఇంట్లో కరిగించే సువాసన మైనం బిళ్ళలు కొనేటప్పుడు కూడా కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని అరగంట నిలబడేవాడు. జలుబు చేసి తగ్గాక మాత్రం ముందు పెట్టె మీది చీటీ చదివి, ఆ తర్వాతే వాసన చూస్తున్నాడు. మొన్న పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొట్టినా పేపర్లోంచి తల ఎత్తలేదు. భార్యకి అనుమానం వచ్చి అడిగితే కస్సుమన్నాడు. ఆదివారం ఆవిడ మామూలు కొవ్వొత్తి ముక్క ఒకటి దీపం మీది గిన్నెలో కరగేసి, పక్కన మల్లెపూల బిళ్ళల పెట్టె ఉంచింది. ఆయన వచ్చి, పెట్టె వంక చూసి, గట్టిగా గాలి పీల్చాడు.

"అబ్బ! మల్లెలు ఘుమఘుమలాడిపోతున్నాయే!"

ఆవిడ గిన్నెలో కరుగుతున్న ఉత్త మైనం వంక చూసింది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది ఆయన ముక్కే.

"అవునండీ, కాస్త ఘాటెక్కువైంది," అంటూ ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.