మా భయానికి వచ్చిన ర్యాంకు

మొన్న మా మేనకోడలు తన వంట వీడియోను ఎంతమంది చూశారోనని అన్నం మధ్యలో ఎడమచేత్తో ఫోను తడుముతుంటే, పప్పు చల్లారుతోందని మందలించాల్సిన నేను ఊరుకున్నాను. ఆ జబ్బు మా ఇంట్లో మొదట పట్టింది నాకూ వాళ్లమ్మకే.

అప్పట్లో అక్కా నేనూ ఇబ్రహీంపట్నంలో ఒక అద్దె గదిలో రెండు కంప్యూటర్లతో, మంచాల, కందుకూరు వైపు బస్సుల వేళలు చెప్పే వెబ్‌సైటు నడిపేవాళ్లం. నాదర్‌గుల్‌లో ప్లాట్లు అమ్మే ఒకన్న ప్రకటన ఇస్తానన్నాడు గానీ, ముందు సైటు ర్యాంకు చూస్తానన్నాడు. ఆ ప్రకటన రాకపోతే గది ఖాళీ చేయడమే, అక్క మళ్లీ సిటీలో కాల్‌సెంటర్‌కు పోవడమే. ర్యాంకు ఇచ్చేది ఎవరో బయటి కంపెనీ. అంకె ఎంత చిన్నదైతే సైటు అంత గొప్ప. తమ టూల్‌బార్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకున్న కంప్యూటర్లలో ఏం చూస్తున్నారో గమనించి, దాన్నిబట్టి లోకమంతటికీ లెక్క కట్టేవాళ్లు. మేమూ పెట్టుకున్నాం. ఇక పొద్దున లేస్తే సైటు తెరవడం, ర్యాంకు చూడటం, గుండె పట్టుకోవడం, టీ తాగొచ్చి మళ్లీ తెరవడం. పరీక్ష ఫలితాలకు కూడా నేనంత వణకలేదు, అవి ఎలాగూ ముందే తెలిసేవి. అంకె రోజురోజుకూ తగ్గుతుంటే అక్క కొబ్బరికాయ మొక్కుకుంది.

ఇంతలో చిన్నమ్మ కూతురి పెళ్లని గదికి తాళం వేసి వారం పోయొచ్చాం. వచ్చి చూస్తే అంకె ఆకాశంలో ఉంది, అంటే మేం పాతాళంలో. ప్లాట్లన్న వచ్చేది ఆ సాయంత్రమే. అక్క తెరవైపు చూసి, "ఓరి, గిన్ని దినాలు సూసింది మనమేరా, మనిద్దరమే!" అంది. మనకు మనమే మస్తు అభిమానులమని నేనంటే నవ్వలేదు. పెళ్లికి పోయొచ్చామని ప్లాట్లన్నకు నసుగుతూ చెప్పింది. ఆయన ర్యాంకు చూసి, "గిదేంది చెల్లె, మీ సైటు గూడ పెండ్లికి పోయిందా?" అని లేచిపోయాడు.

గది ఖాళీ చేశాం. కానీ సైటు అడుగున అక్క ఫోన్ నంబరు ఉండేది. ఎవరో ఆ పేజీని అచ్చు తీయించి మంచాల బస్టాపు గోడకు అంటించారట. సైటు మూసేశాక కూడా చాలాకాలం, "బిడ్డా, ఆఖరు బస్సు పోయిందా, ఉన్నదా?" అని ఫోన్లు వచ్చేవి. పగలంతా కాల్‌సెంటర్‌లో మాట్లాడి వచ్చిన అక్క విసుక్కోకుండా చెప్పేది. వాళ్లెవరూ ఏ ర్యాంకులోనూ లేరు.

ఇప్పుడు ఎవరు ఎన్ని క్షణాలు చూసి వదిలేశారో కూడా మేనకోడలికి తెలిసిపోతుంది. బస్సెక్కడుందో ఫోనే చెబుతుంది. అక్క మాత్రం ఆ నంబరు మార్చలేదు. బస్సు కోసం అది మోగడం మానేసి చాలాకాలమైంది.