పచ్చ గీతల రోత

నా చెల్లెలి కూతురు పోయిందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు, గ్యాసు ఆపానో లేదో అని నేను రెండోసారి వంటింట్లోకి వెళ్లి చూసుకుంటున్నాను. ఆయాసంగా ఉందని పొద్దున తానే ఆటో పిలిపించుకుని బళ్లారికి పోయింది. గుండె ఆగిందన్నారు. మా పిల్ల విషయంలో నేను పడని భయం లేదు. బస్సులు, కుక్కలు, తడిచేత్తో ముట్టుకునే స్విచ్చులు, అన్నిటికీ భయపడ్డాను. గుండె సంగతి మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

మా చెల్లెలు పోయినప్పటి నుంచి ఆ పిల్ల మా ఊరు కప్పగల్లులో నా దగ్గరే ఉండేది. ఇంట్లోంచే కంప్యూటరు పని. నడి గదిలో బల్ల, దానిమీద ల్యాప్‌టాప్, పక్కన తాగడం మరిచిపోయి మీగడ కట్టిన కాఫీ. అన్నంలో రాయి తగిలినా ఏమీ అనేది కాదు గానీ, పనిలో మోసం కనబడితే ఆ పూటకి అన్నమే వద్దనేది.

చివరగా ఆమె చేసిన పెద్ద పని మిరపకాయల కోల్డ్ స్టోరేజీలది. చల్లగది వేడెక్కితే ఓనరు ఫోను మోగాలి, అదీ ఆ ప్రోగ్రాం. మా కాయ కూడా అలాంటి స్టోరేజీలోనే పెడతాం గనక నేను చెవులప్పగించి విన్నాను. ఆ ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో చూడడానికి చిన్నచిన్న ప్రోగ్రాంలు వేరే ఉంటాయట. వాటిని టెస్టులంటారు. బాగుంటే పచ్చ గీత, లేకుంటే ఎర్ర గీత. వాటిని రాసినవాళ్లు ఉద్యోగాలు మానేసి పోయారు. వాళ్లు వదిలిపోయిందంతా మా పిల్ల నెత్తిన పడింది.

వారం తిరక్కుండానే ఆమె ముఖంలో కళ పోయింది. ఏమైందని అడిగితే చెప్పింది. ఒక టెస్టు గది వేడెక్కిందా అని అడిగి, గదివైపే చూడకుండా, లేదని తానే జవాబు రాసుకుంటుందట. ఇంకొకటి పొద్దున పచ్చగా వచ్చి, మధ్యాహ్నం ఎందుకో తెలీకుండా ఎర్రబడుతుందట. ఎర్రగా వచ్చినవాటిని బాగుచేయకుండా మూసిపెట్టారట. వాటి పేర్లు చదివి వినిపించింది: కొత్త టెస్టు, అసలు కొత్త టెస్టు, దీన్ని ముట్టుకోవద్దు టెస్టు.

"ఊరగాయ జాడీ మూత తీస్తే పైన నూనె నిగనిగా ఉంటాది పెద్దమ్మా. గరిటె దించితే లోపలంతా బూజు. దాన్నే నన్ను తినమంటాండారు," అంది. ఆ తరవాత నాకు చాలా రోజులు జాడీ మూత తీయడానికి చెయ్యి రాలేదు.

బెంగుళూరు నుంచి ఆమె పై ఆఫీసరు రోజూ ఫోను చేసేవాడు. అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా, కెలక్కు, కాయ లోడింగు మొదలయ్యేలోపు అంతా సరిగ్గా ఉందని రాసివ్వు అనేవాడు. రాసివ్వకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. రాసిచ్చెయ్యి తల్లీ, ఉద్యోగం పోతే ఎట్లా అని బతిమాలాను.

"ఎప్పుడూ ఎర్రగా రానిది టెస్టు కాదు పెద్దమ్మా, పటం. గోడకు తగిలించుకోవాల," అంది.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని మేము కాయ పెట్టే స్టోరేజీకి పోయింది. చలికి జబ్బు చేస్తుందేమోనని శాలువాలు, ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకున్నాను. గది ఖాళీగా ఉన్నా పోయిన ఏటి మిరప ఘాటు గోడలకు పట్టే ఉంది. తుమ్ముకుంటూ లోపలికి పోయాం. వేడిని కొలిచే తీగ కొసను గోడనుంచి తీసి నా ఫ్లాస్కులో ముంచింది. స్టోరేజీ ఓనరు తన ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా అది కిమ్మనలేదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం బారుగా పచ్చ గీతలు.

ఓనరు ఫోనును తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇన్నేండ్లూ మోగలేదంటే గది బాగుండాదని అనుకుంటి గదమ్మా."

"మీరట్ల అనుకునేకే రాసినారప్పా ఇవి," అంది మా పిల్ల.

ఆ పచ్చటి గీతల్ని చూస్తే నాకు నాచు పట్టిన తొట్టి గుర్తొచ్చింది. మా కాయే కాదు, చుట్టుపక్కల ఎందరి పంటో ఆ నాచును నమ్ముకునే ఇన్నేళ్లూ ఆ గదుల్లో ఉంది. రాసినవాళ్లు ఇప్పుడు ఇంకెక్కడో ఇంకేదో ఇట్లాగే రాస్తూ ఉంటారు.

ఇంటికొచ్చి పాతవన్నీ తీసి పారేసి కొత్తవి రాయడం మొదలుపెట్టింది. స్క్రీనంతా ఎర్రబడింది. చక్కగా నడిచేదాన్ని చెడగొట్టావని ఆఫీసరు ఫోనులో అరిచాడు. మా పిల్ల గొంతు పెంచలేదు. "చెడగొట్టలేదు సార్. చెడింది కనపడేట్లు చేసినా, అంతే," అంది. ఫోను మోగేదాకా ఒక్క మూట కూడా ఎక్కించనని ఓనరు పట్టుబట్టాడు కాబట్టి ఆ పని ఆమె చేతిలో నిలిచింది. ఒక్కొక్క తప్పూ సరిచేసి, ఆ గీతల్ని పచ్చబడేలా చేసింది. దానికి ఒక మంచి మాటయినా అన్నవాళ్లు లేరు. పని కాగానే, ఎవరో వదిలేసి పోయిన ఇంకో చెత్తను తెచ్చి ఆమె ముందు పోశారు. మళ్లీ అదే బల్ల, మళ్లీ మీగడ కట్టిన కాఫీ. ఆ పని సగంలో ఉండగానే మా పిల్ల పోయింది.

కర్మకాండ ముగియకముందే ఆఫీసరు ఫోను చేశాడు. సంతాపం చెప్పి, అదే గుక్కలో ల్యాప్‌టాప్ ఎప్పుడు పంపుతారని అడిగాడు. నోరంతా చేదయింది. ఫోను పెట్టేశాను.

మొన్న మంచి ఎండలో, కరెంటు పోయిన పూట, స్టోరేజీ ఓనరు మా ఇంటిముందు బండి దిగాడు. చేతిలో ఫోను కూతపెడుతోంది. మా కాయ పాడయిందా అని అడిగాను. ఏమీ కాలేదన్నాడు. గది వేడెక్కుతోందని ఫోను మోగితే పోయి చూశారట, జనరేటరు స్టార్టు కాలేదట. మనుషులు పరిగెత్తి సరిచేశారట, గది మళ్లీ చల్లబడుతోందట.

"ఆ యమ్మకు చెప్దామని బండి తీసినా అక్కా. సగం దారిలో మతికొచ్చింది, లేదు గదా అని. అయినా వచ్చినా," అన్నాడు.

ఆ కూత ఆపమన్నాను. ఆపే మీట పెట్టలేదట మా పిల్ల. గది చల్లబడితేనే ఆగుతుందట. ఆయన ఫోను అరుగుమీద పెట్టి మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తెచ్చేసరికి అది వణుక్కుంటూ అరుగు అంచుకు జరిగి ఉంది. పడిపోతుందేమోనని గబుక్కున రెండు చేతుల్లోకీ తీసుకున్నాను. నా చేతుల్లోనూ మోగుతూనే ఉంది.