బిందెలు వెనక్కి జరిగే వీధి

మా చిన్నప్పుడు... పొద్దు పొడవకముందే వీధి కొళాయి దగ్గర బిందెల వరస మొదలయ్యేది. మా అయ్య మున్సిపాలిటీలో నీళ్ళు విడిచే మనిషి. పొడవాటి ఇనప తాళం భుజాన వేసుకెళ్ళి, వీధి చివర వాల్వు గుంతలోకి దించి తిప్పేవాడు. ముందు బుస్సుమని గాలి... ఆ వెనక నీళ్ళు.

వరసలో బిందె జరిగిందంటే తిట్లే తిట్లు.

"ఓలె గౌరీ, నీ బిందెకి కాళ్ళొచ్చినాయేటే?" అని నేను.

"నీ బిందె నిద్దరోతంటే నాదేటి సేస్తాదే!" అని అది.

గౌరి మా పక్కింటి పిల్ల, నా ఈడుదే. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఇద్దరం ఆ వీధిలోనే ఉండిపోయాం.

కానీ ఏ ఇంట్లోనైనా మనిషి పోతే మాత్రం... ఎవరూ చెప్పకుండానే బిందెలన్నీ వెనక్కి జరిగేవి. ఇక కొళాయి ఆ ఇంటిదే. వేళ కాకపోయినా సరే, "అన్నా, మాయమ్మ పోనాది" అని ఎవరైనా గుమ్మంలోకొస్తే, మా అయ్య తింటున్న కంచం వదిలేసి తాళం ఎత్తుకునేవాడు. "ఆకరి తానానికి నీళ్ళు అడిగించుకోకూడదమ్మా" అనేవాడు.

ఈమధ్య మా ఊరి నీళ్ళు ఏదో కంపెనీకి అప్పగించారు. ఆ రోజు వీధినిండా టీవీల వాళ్ళు. మైకు పట్టుకున్న అమ్మాయి, "మామ్మగారూ, బిందె ఎత్తుకుని ఒక్కసారి నవ్వండి" అంది. నాకేమో భయం... ఏం మాట్లాడితే ఏమవుతుందోనని. గౌరి మాత్రం పకపకా నవ్వి, "ఓలె, నా పెళ్ళికి కూడా ఇంతమంది నన్ను సూడలేదే!" అంది. ఆ నవ్వునే టీవీలో తిప్పి తిప్పి చూపించారు. పక్కన ఒకాయన ఇది మంచిదనీ, ఇంకొకాయన దోపిడీ అనీ ఒకటే కేకలు.

వాళ్ళు వెళ్ళిపోయాక వీధి కొళాయి పీకేశారు. ఇంటింటికీ మీటరు పెట్టారు. నీళ్ళు శుభ్రంగానే వస్తున్నాయి, అబద్ధమెందుకు... కానీ వాళ్ళ వేళకే. నాకు దిగులెక్కువ కదా, గ్లాసులతో సహా నింపి మూతలు పెట్టుకుంటాను. "ఇంకేటే, సముద్రం కూడా పట్టీసి మూతెట్టీ!" అని గౌరి వెక్కిరించేది.

పోయిన నెల ఎక్కడో గొట్టం పగిలి నీళ్ళు ఆగిపోయాయి. నేను దాచినవి మా రెండిళ్ళకీ సరిపెట్టాం. అవీ అడుగంటిన మధ్యాహ్నం... గౌరి కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

దాని కొడుకు రమణ కంపెనీకి ఫోను చేస్తే, మీ ఫిర్యాదు నమోదైందని మిషను చెప్పింది. మనిషి పలకలేదు. ఆ రోజు నంబరిచ్చి వెళ్ళిన టీవీ అమ్మాయికి చేశాడు. "ఎంతమంది ఉన్నారండీ? బిందెలతో రోడ్డు మీద కూర్చుంటారా?" అని అడిగింది.

"నానొక్కడినేనమ్మా... మాయమ్మ పోనాది" అన్నాడు వాడు.

అయ్యో అంది. ఫోను పెట్టేసింది.

చివరికి కొట్టు నుంచి నీళ్ళ డబ్బాలు తెచ్చారు. మూతల మీది ప్లాస్టిక్ పట్టీ నేనే పీకాను. ఫ్రిజ్‌లోంచి తీసినవి, చేయి పెడితే జివ్వుమన్నాయి.

"దానికి సలి పడదురా... కాసేపు ఎండలో ఎట్టండి" అన్నాను.

"ఏళ అయిపోతంది పిన్నీ" అన్నాడు రమణ.

ఆ చల్లటి నీళ్ళే పోశాం... దాని అరికాళ్ళు నా అరచేతులతో రుద్దుతూనే ఉన్నాను.

ఇదంతా రాస్తే నా కొళాయి కట్టేస్తారేమోనని ఒక పక్క గుబులుగానే ఉంది. అయినా రాశాను. మీ వీధిలో చావింటికి మొదటి బిందె ఎవరు పట్టేవారు? గుర్తుంటే ఇక్కడ చెప్పండి...

మొన్న పొద్దున్న అలవాటు కొద్దీ బిందె పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. వెనక్కి జరుపుదామంటే... వరసే లేదు.