ఎడమ పక్క స్పీకరు

అన్న పోయాడని ఫోన్ వచ్చినప్పుడు మా ఇంట్లో జగదల్‌పూర్ మెకానిక్కు ఉన్నాడు. స్పీకర్లకి తగిలించే కొత్త రిసీవర్ని అట్టపెట్టెలోంచి తీసి, వైర్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ చేసింది వదిన, విశాఖపట్నం ఆసుపత్రి నుంచి. "మీ అన్నయ్య తెల్లారగట్ల ఎల్లిపోయారయ్యా" అంది. ఇంకేదో అడగాలి. ఈలోపే ఆమె పెట్టేసింది. మెకానిక్కు పాత పెట్టె తీసెయ్యనా అని హిందీలో అడిగాడు. నేను తల కూడా తిప్పలేదు. తీసెయ్యమన్నట్టే అనుకున్నాడు.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. ఇనుప గని కాలనీలో మా పక్క క్వార్టర్. ఆయనది విశాఖ వైపు పల్లె, నాది భోపాల్‌పట్నం దగ్గర పల్లె. ఆయన ప్లాంటులో ఎలక్ట్రీషియన్. నేను క్రషర్ దగ్గర పనివాణ్ణి. కొండ మీది నుంచి వచ్చే ఇనుప రాయి ముక్కలయ్యే చోటది. రిటైరయ్యాక ఇద్దరం కింది బజారులో పక్కపక్కన చిన్న ఇళ్ళు కట్టుకున్నాం. మధ్య గోడ నడుమెత్తు. మా మాటలన్నీ ఆ గోడ మీదే.

డ్యూటీ దిగాక సాయంత్రాలు ఆయన రేడియోలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసేవాడు. ఎవరు ఏం మోసుకొచ్చినా ముందు ఒక్కటే అడిగేవాడు. "పెద్దది కావాలా, జత కావాలా?" వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. నేనూ అంతే.

మా ఇనుప ఊళ్ళో ఏ వస్తువైనా ఎత్తి చూసి కొంటారు. బరువుంటే మంచిది. నేను స్పీకర్లు కూడా అలాగే కొన్నాను. రిటైరైన రోజు తోటివాళ్ళు ఇచ్చిన హోమ్ థియేటర్ ఒకటి ఉండేది. దాని పెట్టె బాగానే ఉంది, స్పీకర్లు మాత్రం టిఫిన్ డబ్బాలంత. జగదల్‌పూర్ పోయి, దుకాణంలో ఒక్కొక్కటీ ఎత్తి చూసి, అన్నిట్లో బరువైన జత తెచ్చాను. నడుము దాకా వచ్చేవి. అన్న వాటిని ముందు నుంచి చూడనే లేదు. వెనక్కి పోయి వంగాడు.

"తమ్ముడూ, వీటి ఎనక నాలుగు ఓములని రాసుంది. నీ పెట్టె ఎనిమిదికి తక్కువ ఒద్దంటంది. సూశావా?"

"చూసిన. ఎనిమిది టన్నుల బండి నాలుగు టన్నులు మొయ్యదా అన్నా?"

ఆయన గోడ పట్టుకుని నవ్వాడు. "ఈ ఊళ్ళో అందరిదీ ఇదే లెక్కరా. ఇది బండి కాదు, పంపు. నాలుగంటే గొట్టం ఎడల్పు. ఎడల్పు గొట్టం నీళ్ళు ఎక్కువ లాగుతాది. నీ పంపు సిన్నది. కాలిపోద్ది."

"అంటే ఎనిమిదే చిన్నదా?"

"ఈ లెక్కలో అంతే."

నాకు ఇప్పటికీ అది సరిగ్గా ఎక్కలేదు. సరిపోయే పెట్టె నేనే చూస్తాను, ఆగమన్నాడు. ఆగాను. వారాలు గడిచాయి. స్పీకర్లు మూలన బట్ట కప్పుకుని కూర్చున్నాయి. ఒక ఆదివారం ఆయన చర్చి పక్క ఎవరిదో టీవీ బాగుచెయ్యడానికి పోయినప్పుడు నేనే వైర్లు తగిలించాను. బ్రహ్మాండంగా మోగాయి. సగం సినిమా అయ్యేసరికి కాలిన వాసన వచ్చింది.

పెట్టె మీద తువ్వాలు కప్పి గోడ దగ్గరికి మోసుకుపోయాను. ఆయన తిట్టలేదు.

"ఎంతసేపు మోగింది?"

"సగం సినిమా."

"బాగుందా?"

"మస్తుగున్నది."

"అదే మరి. బాగున్నంతసేపూ తెలీదు."

తర్వాత ఎక్కడి నుంచో ఒక పాత రిసీవర్ తెచ్చాడు. ఆ నాలుగుని మోసేది. విప్పి, తుడిచి, లోపలి భాగాలు కొన్ని మార్చి, మా ఇంటికి పట్టుకొచ్చాడు. వెంటనే తగిలించలేదు. టార్చి సెల్లు ఒకటి తీసి స్పీకరు తీగలకి ఆనించాడు. లోపలి అట్ట బుగ్గలా ముందుకు పొంగింది. రెండోదానికీ అలాగే చూశాడు. "రెండూ ఒకేసారి ముందుకి రావాల. ఒకటి ముందుకి, ఒకటి ఎనక్కి ఎల్తే ఇంట్లో మొగుడూ పెళ్ళాల యవ్వారమే" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి వింటూనే ఉంది.

వైర్లు తగిలించాక చేసింది నాకు అప్పుడు పిచ్చిగా అనిపించింది. నన్ను నా కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. చెప్పుల్లేకుండా గదిలో తిరిగాడు. ఎక్కడో చప్పట్లు కొట్టాడు.

"ఎటేపు?"

చెయ్యి చూపించాను. రైటనలేదు, తప్పనలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చూపించాను. అలా చాలాసార్లు. కళ్ళు తెరిచేసరికి పెట్టె మీద ఎడమ, కుడి శబ్దాన్ని సరిచేసే ఒక చిన్న మరను కొద్దికొద్దిగా తిప్పుతున్నాడు. పాట పెట్టి, ఏ పక్క ఎక్కువుందో నన్ను అడుగుతూ తిప్పాడు. ఒక చోట ఆపి, పెన్నుతో గీత గీసి, పైన నల్ల టేపు అంటించాడు.

"దీన్ని ఎవుల్నీ ముట్టుకోనీకు."

"ఎందుకన్నా?"

"జత కుదిరింది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో గొడవ. "ఎడమ పక్కది మొత్తుకుంటున్నది, కుడి పక్కది గొణుగుతున్నది. మీ అన్నకు చెవులు పోయినయా ఏంది?" అనేది మా ఆవిడ. నాకైతే రెండూ సమానంగా వినపడేవి. ఆమె కావాలని అంటోందనుకున్నాను. గోడ దగ్గర అన్నని అడిగాను.

"నీకెలాగుంది?" అన్నాడు.

"సమానమే."

"మరింకేటి."

అన్న జబ్బు పడి విశాఖ రైలెక్కాక, ఆయన లేని సమయం చూసి మా ఆవిడ జగదల్‌పూర్ మెకానిక్కుని పిలిపించింది. నేను వద్దనలేదు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

మళ్ళీ ఆ పొద్దుటికి వస్తాను. ఫోన్ సంగతి చెబితే మా ఆవిడ గడప మీద కూర్చుని ఏడ్చింది. మెకానిక్కుకి తెలుగు రాదు. ఆపమని ఎవరం చెప్పలేదు. అతను నా కుర్చీలో చిన్న మైకు ఒకటి పెట్టాడు. గదిలో ఏవో కూతలు పుట్టాయి. కొత్త రిసీవర్ అదే కొలుచుకుని అదే సరిచేసుకుంటుందట. పాత దాంట్లో ఎడమది బాగా ఎక్కువ పెట్టి ఉందని, చేసినవాడికి పని తెలియదని అన్నాడు. "అబ్ సబ్ బరాబర్, దాదా."

ఏదో పాట పెట్టాడు. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పుడు రెండు పక్కలా ఒక్కతీరుగ వస్తున్నది" అంది.

నాకు ఎడమ స్పీకరు ఆగిపోయింది. లేచి పోయి దాని మీద చెయ్యి పెట్టాను. అట్ట నా అరచేతిలో కొట్టుకుంటోంది. అది మోగుతూనే ఉంది.

క్రషర్ రోజుల్లోనే ఆ మోతకి నా ఎడమ చెవి మందగించింది. ఏటా చెవి పరీక్ష పెట్టేవాళ్ళు. డాక్టరు వేలు కదలడం చూసి వినపడిందని చెయ్యి ఎత్తేవాణ్ణి. పని మారుస్తారని భయం. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. చెప్పక చెప్పక నేనే మరిచిపోయినట్టయింది.

మెకానిక్కుని పాతదే పెట్టమన్నాను. "వో గలత్ హై, దాదా" అన్నాడు. ఆ తప్పుదే పెట్టమని హిందీలో చెప్పాను.

"ఏందయ్యా ఇది? మనిషి పోయిండని పెట్టెకు దండం పెడతవా?" అంది మా ఆవిడ.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. "నాకు ఎడమ చెవి సరిగ ఇనబడదు."

ఆమె కళ్ళ మీంచి కొంగు తీసింది. "ఎప్పట్నుంచి?"

"క్రషర్ కాడి నుంచి."

"ఇన్నేండ్లు ఆ పక్కనే కూసుంటి గదా. నేను చెప్పినయన్నీ ఏడికి పోయినయి?"

మెకానిక్కు తల వంచుకుని వైర్లు చుడుతున్నాడు.

అన్నకి ఆ చప్పట్ల రోజే తెలిసిందా, అంతకు ముందే తెలుసా? తెలిస్తే ఎందుకు అడగలేదు? లేక చేతి పొరపాటు నాకు కలిసొచ్చిందా? ఎంత ఆలోచించినా తెగడం లేదు. గోడ దగ్గరికి రెండుసార్లు పోయి వచ్చాను. అవతల తలుపుకి తాళం ఉంది.

సాయంత్రం పాత రిసీవర్ పెట్టాం. నల్ల టేపు అంచులు లేచి, కింద ఎర్ర దుమ్ము చేరింది. మా ఆవిడ తన కుర్చీని ఈడ్చుకొచ్చి నా కుడి పక్కన వేసుకుంది. ఎడమ పక్క ఆమె ఇన్నేళ్ళూ కూర్చున్న చోటు ఖాళీ అయింది. నేల మీద కుర్చీ కాళ్ళ గుర్తులు నాలుగు. వాటి మీదికి వంగినట్టుగా ఆ స్పీకరు గట్టిగా మాట్లాడుతూనే ఉంది.